కెమెరా ఆపి హాజరైనందుకు

శిక్షణాధికారి గారి సముఖమునకు,
అచ్చంపేట అవతల అడవి అంచు పల్లె నుండి అంగన్‌వాడీ టీచరు రిజ్వానా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వీడియో శిక్షణలో నా హాజరును పరిగణించుట గురించి.

ఫోనులో జరుగుతున్న సామూహిక శిక్షణలో ఎదురగు ఇబ్బందులను, వాటికి తోచిన ఉపాయాలను వ్రాసి పంపవలెనని తమ ఆదేశం. అందరితోపాటు నేనూ పంపుకొంటున్నాను.

1. సిగ్నలు. మా ఊళ్లో గుట్ట ఎక్కితే తప్ప సిగ్నలు సరిగా రాదు. తోటి టీచర్లంతా గుట్ట మీదనే కూర్చుని పాఠం వింటున్నారు. నేను ప్రస్తుతం గడప దాటరాదు గనుక వెనుక కిటికీ దగ్గర, నా భర్త ఫహీం కుట్టుమిషనుకు ఫోను ఆనించి వింటున్నాను. బొమ్మ ఆగిపోయినా మాట వస్తూనే ఉంటుంది. కావున పాఠం ముందు మాటతో చెప్పి, బొమ్మలు తర్వాత పంపితే అందరికీ మేలు.

2. చప్పుడు. మొదటి రోజు అందరం ఎవరిళ్లలో వారే కూర్చున్నాము. మా ఇంట్లోంచి మిషను చప్పుడు వస్తున్నదని శిక్షకులు గోపీకృష్ణ గారు ఆక్షేపించారు. నిజమే. అప్పుడు ఫహీం బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ ఉన్నాడు. ఆ సాయంత్రమే అచ్చంపేటలో దారం కొంటూ కూలబడ్డాడు. దవాఖానకు చేరేసరికే ప్రాణం లేదన్నారు. ఇప్పుడు చప్పుడు లేదు. దీనికి ఉపాయం వ్రాయనవసరం లేదనుకొంటాను.

3. కెమెరా. భర్త పోయిన ఇల్లాలు ఇద్దత్ గడువు నాలుగు నెలల పది రోజులూ గడప దాటక, పరాయి మగవారి కంటపడకపోవడం మా ఆచారం. మూడోనాడు సమాధి దగ్గర చేసే జియారత్ ముగిసిన మర్నాడే కెమెరా ఆపి మళ్లీ పాఠానికి కూర్చున్నాను. పిలిచినప్పుడల్లా పలికాను. అడిగినదానికి జవాబిచ్చాను. అయినా ముఖం కనిపించని మనిషి లేనట్టేనని గోపీకృష్ణ గారు గైర్హాజరు వేశారు. పక్క ఊరి టీచరు నర్సింగమ్మ గుట్ట మీది నుంచి అడ్డుపడింది.

"సార్, ఆమె మొగుడు సచ్చిపోయిండు. గా గొంతు రిజ్వానాదే. మాకు ఎరుకలేదా?"

"గొంతు ఎవరిదైనా కావచ్చమ్మా. పోనీ, చెయ్యి చూపించమనండి."

కెమెరా ముందు చెయ్యి ఒక్కటే పెట్టాను. ఆయన కాసేపు చూసి, "మొదటి రోజు ఈ చేతికి పచ్చ గాజులున్నాయి కదా, ఇది వేరేవాళ్లది" అన్నారు. నాకు ఏడుపు కూడా రాలేదు. "ఉన్నాను సార్" అని మరొకసారి అన్నాను.

4. శిక్షణ పూర్తయిన పత్రం లేనివారిని కొలువులో కొనసాగించరని చెబుతున్నారు. మా ఇంట్లో ఇక నా జీతమే ఆధారం. బిడ్డ సబా పదో తరగతి. పాఠాలన్నీ రికార్డవుతున్నాయని మొదటి రోజే తెలియజేశారు. తెప్పించి వినగలరు. జియారత్ తర్వాతి పాఠాలన్నిటిలో నా గొంతు ఉంటుంది. నా విషయంలో గొంతునే హాజరుగా స్వీకరించ ప్రార్థన.

పై సంగతులన్నీ తమరు చిత్తగించవలెను. నా పేరు ఎదుట 'ఉన్నది' అని వ్రాయించవలెను.

తమ విధేయురాలు,
రిజ్వానా

తా.క.: సార్, ఆ మొదటి రోజు రికార్డు మాత్రం తుడిచేయనీయకండి. మిషను ఆపమన్న తర్వాత అందులో ఒక మగగొంతు వస్తుంది. "రిజ్వానా, చాయ్ సల్లగైతాంది, జర తాగి సదువుకో" అంటాడు. ఇంట్లో మేం మాట్లాడుకొనేది ఉర్దూ, అందరూ నవ్వాలని కావాలనే తెలుగులో అన్నాడు. అందరూ నవ్వుతారు. గోపీకృష్ణ సార్ మ్యూట్ చేయమంటారు, నేను చేస్తాను. ఆ తర్వాత కూడా ఫహీం ఏదో అన్నాడు. అది రికార్డులో ఉండదు, నాకూ గుర్తుకు రావడం లేదు. ఆయన గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. హాజరు వేయకున్నా సరే, ఆ ముక్క నా ఫోనుకు పంపించండి.