అక్క టీసీలో మూలన రాసిన మాట

అక్కకు చెల్లెలి నమస్కారాలు. నేనూ, నీ మరిదీ, పిల్లా కులాసాగానే ఉన్నాం. నువ్వు చూస్తే లావయ్యామని తిడతావు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? "నేనొచ్చి పిల్లను చూసుకుంటాగా" అని రాశావు. ఆ సంగతి చివర్న చెబుతాను.

ఉర్దూ కాగితాలు తర్జుమా చేయడం కూడా ఒక ఉద్యోగమేనా అని అడిగావు. ఉద్యోగమే తల్లీ. ఇక్కడ స్థిరపడడానికి వచ్చేవాళ్ల పెళ్లి నికానామాలు, మార్కుల పత్రాలు ఇక్కడి భాషలోకి మార్చి, ఉన్నదున్నట్టు రాశానని సంతకం చేసి ముద్ర వేస్తాను. టీ మరక ఉంటే మరక ఉందని కూడా రాయాలి. మొన్న ఒకాయన తన వయసు రెండేళ్లు తగ్గించమని బతిమాలాడు. "అది బళ్లో వేసేటప్పుడు మీ నాన్న చేయాల్సిన పని నాయనా" అన్నాను.

వీసాకు నీ పుట్టిన తేదీ చూపాలంటే ఉర్దూలో ఉన్న ఆ బడి టీసీ తప్ప ఆధారం లేదు కదా. సొంతవాళ్ల కాగితాల మీద మేం సంతకం చేయకూడదు. అందుకని ఇదే పని చేసే ఎదురు దుకాణం పెద్దాయనకిచ్చాను. మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ అని నీకు తెలుసు.

నీ దగ్గర దాపరికమెందుకు, ఒక తప్పు చేశాను. ఇచ్చేముందు దాన్ని చదివాను. చదువు అబ్బక మానేశానని నువ్వే చెప్పేదానివి. నేను నిన్ను మొద్దక్కా అని పిలిచేదాన్ని. బడి మానిన కారణం దగ్గర "చంటి చెల్లెలిని చూసుకోవడానికి" అని ఉంది. మూలన హెడ్మాస్టరు చేతిరాత: "తరగతిలో మొదటిది. మాన్పించవద్దని రెండుసార్లు ఇంటికి వెళ్లి చెప్పాను."

ముక్కూమొహం తెలియని గుమాస్తాలు కూడా ఇది చదువుతారని సిగ్గేసింది. ఆ రెండూ వదిలేయమని పెద్దాయనను అడిగాను.

"పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నావు. నిన్నెవరైనా ఇలా అడిగితే ఏమంటావమ్మా?" అన్నాడు.

"బయటికి పొమ్మంటాను."

"సరే, కూర్చో. టీ తాగి వెళ్లు."

మొత్తం రాసి ముద్ర వేశాడు. నాకంటే బాగా రాశాడు, ఆ మాట ఆయనతో అనను. వీసా ఆఫీసువాళ్లు పేచీ పెట్టకుండా తీసుకున్నారు. వచ్చే నెలలో నువ్వు బయల్దేరవచ్చు.

మా వీధి చివర పెద్దవాళ్లకు సాయంత్రం బడి ఉంది. ఇక్కడి భాష నేర్పి, ఆగిన చదువు పూర్తి చేయిస్తారు. నీ టీసీ నకలు అక్కడా ఇచ్చాను. ఏ తరగతి అని అడిగితే, ఆపిన చోటే, ఏడు అని చెప్పాను. నా మీద కోప్పడకు. నా పిల్లను నేను చూసుకుంటాను. నువ్వు బడికి వెళ్లు.

ఇట్లు,
నీ బడి మాన్పించిన చెల్లెలు