కారే మూల కింద బకెట్

అమ్మా, కంగారు పడకు, నేను ఇల్లు మారడం లేదు.

అద్దె పెంచమంటే అంత ఇచ్చుకోలేనన్నానని ఇంటాయన టులెట్ బోర్డు తగిలించాడు. చూడవచ్చిన మొగుడూపెళ్లాలకు గదులు నేనే చూపించాను. "వానొస్తే ఈ మూల బకెట్ పెట్టుకోండి. మోటారు మొరాయిస్తే నెత్తిన ఒక్కటివ్వండి. ఇంటాయన మాత్రం మంచోడు" అని ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్లు మళ్లీ కనిపిస్తే ఒట్టు!

గుమ్మంలో నిలబడి అంతా విన్న ఇంటాయన, "నాలుగేళ్లలో నాకొక్కసారైనా చెప్పలేదేమ్మా?" అన్నాడు.

"చెబితే బాగుచేయించి అద్దె పెంచుతారని, బాబాయిగారూ!"

పగలబడి నవ్వాడు. అడిగినదాంట్లో సగమే పెంచి, మర్నాడే తాపీమేస్త్రీని పంపాడు.

నాన్న మోకాలు ఎలా ఉంది? చెల్లి పరీక్షలయ్యాయా? వచ్చేటప్పుడు నా కుట్టు కత్తెర తీసుకురా. ఆ మూల ఆరింది, నీ మంచం అక్కడే వేశాను. పడుకునే చోటు లేదని ఇక వంకలు పెట్టకు.

అందరికీ నా దండాలు.
నీ పెద్దది