మగ్గాలు ఆగాక విన్న చప్పుడు

ఉన్, సూరత్.

ఆగయ్యన్నా, మేమిద్దరం బాగున్నాం, అవ్వకు అదే చెప్పు. ఈ ఒక్క గదిలో ఫోను మాట్లాడితే నీ మరదలు సంగీత వింటుంది, అందుకే కార్డు రాస్తున్నాను. రైళ్లు లేవు, మన పాత టూస్ట్రోక్ బండి మీదే ఊరికి పోదామని ఆమె పట్టు. ఆమెకు ఏడో నెల. మొన్న ఆమె నీళ్లకు పోయినప్పుడు కార్బొరేటర్ కడిగి, ట్యూనింగ్ చేసి స్టార్ట్ చేశాను. లాక్‌డౌన్‌తో మగ్గాలన్నీ ఆగాయి కదా, ఇన్నేళ్లకు ఇంజను చప్పుడు సాఫుగా వినబడింది. లోపల ఏదో టకటకా కొట్టుకుంటోంది. పక్కింటి మెకానిక్ శ్యాంసుందర్ విని, "పిస్టన్ అరిగింది తమ్మీ. ఎంత ట్యూనింగ్ చేసినా గిది తొవ్వల ఆగుతది. కొత్త బండి తీస్కో" అన్నాడు. షోరూములే తెరవలేదు. సంగీతకు చెబితే "ఇన్నేండ్లు నడిచింది, గిప్పుడు నడువదా?" అంటుంది. "ఊళ్లెకు ఎవర్ని రానిస్తలేరు" అని నువ్వే ఆమెకు ఫోన్ చేసి చెప్పన్నా. అవ్వ మోకాలి మందు దొరుకుతోందా? బర్రె ఈనిందా? వదినకు దండాలు, పిల్లలకు దీవెనలు. బండి స్టార్ట్ కావడం లేదని రోజూ అబద్ధమాడుతున్నాను. ఆమె నా అంగీ ఉతుకుతానన్నా ఇవ్వకుండా నేనే ఉతుక్కుంటున్నాను. బండి ప్లగ్గు ఊడదీసి ఆ జేబులోనే దాచాను.

నీ తమ్ముడు రఘుపతి