కొప్పు మీద నుంచి

యోహానూ,

బతికున్నంతకాలం నిన్ను పేరు పెట్టి పిలవనివ్వలేదు. నువ్వు చచ్చి ఏడాదైంది, ఇక పిలుస్తాను.

ఈ ఇంటికి కొప్పు నేనే అనేవాడివి. నా తల మీది కొప్పు పట్టుకుని వీధిలోకి ఈడ్చిందీ నువ్వే. నిన్నటి గాలివానకు ఇంటి నడినెత్తిన కొప్పు పెంకులు లేచిపోయాయి. పొద్దున నేనే నిచ్చెన వేసుకుని ఎక్కాను. ఆడది ఇల్లెక్కితే అరిష్టమని మీ అమ్మ కింద మొత్తుకుంది.

"దిగు! ఊళ్లె మొగోళ్లు లేరానే?"

"వాన మొగోళ్ల కోసం ఆగుతదా అత్తమ్మా? ఆ పెంకందియ్యి."

అందించింది.

అక్కడినుంచి ఘన్‌పూర్ రైలు కట్ట పక్కన నీ సమాధి కనిపించింది. దాని మీద నడుమెత్తు గడ్డి పెరిగింది. మీ అమ్మ పీకమంటోంది.

పీకను.

సుశీల