మావయ్య వేసిన సూది

వొనొసొబోలో ఉన్న అమ్మ పాదాలకు మొక్కి, సెమరాంగ్ నుంచి కినాసి రాస్తున్నది. నాకు ఒంట్లో బాగానే ఉంది, చెల్లీ పిల్లలూ కులాసా. నా మనసుకే రోత పట్టింది.

వేళ్ల వాపు తగ్గలేదని రాశావు. "మీ మావయ్య తన క్లినిక్‌లో మూలకణాల సూది ఊరికే వేస్తానంటున్నాడు, రానా?" అని అడిగావు. ఆ కణాలు వట్టి బూటకం కావమ్మా. కాన్పయ్యాక పారేసే బొడ్డుతాళ్ల నుంచి తీసి, ఆ క్లినిక్‌లో నేనే పెంచేదాన్ని. ఒంటిని కాపాడాల్సిన కణాలే రెచ్చిపోయి కీళ్ల మీద పడితే వాపూ మంటా పుడతాయి. మూలకణాలు వాటికి కబురు పంపి చల్లబరుస్తాయి. అందరికీ పనిచేస్తాయని ఇంకా తేలలేదు. పనిచేసినా, అవి బతికుంటేనే.

ఈమధ్య వాటిని గడ్డకట్టించి ఉంచే తొట్టి పాడైంది. కణాలన్నీ చచ్చాయి. సీసాల్లో తెట్టు కట్టి, మూత తీస్తే కుళ్లు కంపు. పారబోస్తుంటే మావయ్య అరటిపండు బజ్జీ నములుతూ వచ్చాడు.

"చస్తే ఏమైందే? వడగట్టి సూదుల్లో నింపు."

"మనుషుల ఒంట్లోకి పోయేవి మావయ్యా!"

"నీ ఒంట్లోకి కాదుగా!" అని నూనె వేళ్లు నా కోటుకే తుడిచాడు.

నేను నింపనని వచ్చేశాను. మర్నాడు నేను వెళ్లేసరికే తానే నింపి, తోలుబొమ్మలాటకు మద్దెల వాయించే సురొతోగారి మణికట్టులో గుచ్చేశాడు. సాయంత్రానికి చెయ్యి సొరకాయలా ఉబ్బింది, ఒళ్లు కాలిపోయింది. ఆయన భార్య ఏడుస్తుంటే మావయ్య నవ్వాడు.

"మందు పట్టిందన్న గుర్తమ్మా ఇది! ఇంకోటి వేస్తే సరి."

ఆ సూది లాక్కుని, వాళ్లను పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను.

ఇక్కడిదాకా రాసి కూడా అసలు మాటకు చెయ్యి రావడం లేదు. మిగిలిన సీసాలను ఆరోగ్యశాఖవాళ్లకు అప్పగించింది నేనే. క్లినిక్ మూసేశారు. మావయ్య మీద కేసు పెట్టారు. నాన్న పోయాక నన్ను చదివించిన నీ తమ్ముడి మీద! "పాలు పోసిన చేతినే కాటేశావు కదే" అంది అత్త. అననీ. సురొతోగారి ప్రాణం దక్కింది గానీ, ఆ మణికట్టు ఇక వంగదట.

మావయ్య నీ దగ్గరికి వస్తాడు. ఏడుస్తాడు. సాక్ష్యం చెప్పొద్దని నాకు చెప్పమని నిన్ను బతిమాలతాడు. అన్నం పెట్టు, పక్క వెయ్యి. సంచిలోంచి సూది తీస్తే మాత్రం చెయ్యి చాపకు.

ఇట్లు,
నీ తమ్ముడి మీద సాక్ష్యం చెప్పబోయే నీ పెద్దకూతురు,
కినాసి