పై స్వరం ఎవరిది

వెల్డన్, ఒహాయో
ఏప్రిల్ చివరి ఆదివారం, 1984

అమ్మకు,

నీ లిడ రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. నా ట్రంపెట్ క్షేమం. పై పెదవి కాస్త వాచింది గానీ దాన్నీ క్షేమం కిందే వేసుకో. అక్కడ నువ్వూ, అన్నయ్యా, వదినా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నీ మోకాలు మెట్ల దగ్గర తప్ప ఇంకెక్కడా ఇబ్బంది పెట్టడం లేదని రాశావు. మన ఇంట్లో మెట్లు కానిదేముంది అమ్మా? ఓటా అన్నయ్యతో చెప్పి నీ మంచం కిందికి దింపించుకో. మొండికెయ్యకు.

గసగసాల కోలాచీ రొట్టెలు చెక్కుచెదరకుండా అందాయి. సగం నేను తిన్నాను, మిగతా సగం ట్యూబా ఊదే ఓరిన్ తిన్నాడు. "మీ అమ్మ నన్ను పెళ్ళి చేసుకుంటానంటే ఇప్పుడే నెబ్రాస్కా బయల్దేరతా" అన్నాడు. అతనికి పెళ్ళాం ఉంది, నువ్వేం ఆశలు పెట్టుకోకు. పాత చలికోటు ఇంకా మార్చలేదు. ఎందుకు మార్చలేదంటే ఏం చెప్పను, ఈ ఏడు నాకు ఏ పనీ చేతికి రాలేదు.

మన ఊరి బళ్ళో బ్యాండు టీచరు ఉద్యోగం ఖాళీగా ఉందనీ, హెడ్మాస్టరు నా కోసం ఆగాడనీ, ఏ సంగతో త్వరగా తేల్చమనీ రాశావు. అది కింద రాస్తాను. మే నెలలో మా యూనివర్సిటీ పిల్లలకు పట్టాలిచ్చే పండక్కి రావచ్చా అని అడిగావు. అదీ రాస్తాను. అన్నిటికన్నా చివర, చిన్న అక్షరాలతో, ఊరికే అడిగినట్టు ఒక ప్రశ్న అడిగావు చూడు, దానికి భయపడే ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. "నువ్వు పంపిన టేపు విన్నాను. ఆఖరి పాటలో పైకెళ్ళి నిలబడ్డ ఆ స్వరం ఎవరు ఊదారు? కవరు మీద మొదటి ట్రంపెట్ థర్మన్ గేజ్ అని వేశారు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఆ స్వరానికి ముందు ఎవరో ముక్కుతో చిన్నగా గాలి పీల్చారు. అలా పీల్చొద్దని నేను ఎవరిని చిన్నప్పుడు తిట్టానో నీకు గుర్తుందా?"

గుర్తుందమ్మా. నా ఉద్యోగం తేల్చే కమిటీ వాళ్ళు విన్నారు, డీన్ విన్నాడు, బయటి యూనివర్సిటీ పండితుడు విన్నాడు. ఒక్కరికీ ఆ శ్వాస వినబడలేదు. పొయ్యి మీద సూపు ఉడుకుతుండగా వంటింట్లో డొక్కు టేప్ రికార్డరు పెట్టుకుని విన్న నీకు వినబడింది.

అది నేనే.

మొదటినుంచీ చెప్తాను. మా అధ్యాపకుల ఇత్తడి వాద్యాల బృందంలో అయిదుగురం అని నీకు తెలుసు. థర్మన్ సార్ మొదటి ట్రంపెట్, నేను రెండో ట్రంపెట్. మిగిలినవి హార్న్, ట్రాంబోన్, ట్యూబా. మొదటి ట్రంపెట్టే బృందానికి పెద్ద. పాట ఎత్తేదీ ఆయనే, ఆపేదీ ఆయనే, చివర్లో విడిగా లేచి నిలబడి చప్పట్లు అందుకునేదీ ఆయనే. కిందటేడాది ముందు ఏడు ఆయనకు పై పలువరసలో ముందు పన్ను తీసేసి కట్టుడు పన్ను పెట్టారు. ఆ తర్వాత కింది స్వరాలన్నీ మామూలుగానే వచ్చేవి. పైవి మాత్రం గాలిగా పోయేవి. ఒక మధ్యాహ్నం రిహార్సల్లో నా వైపు వంగి, "అమ్మాయ్, ఆ పైది ఇవాళ్టికి నువ్వు తీసుకో. నీది నేను ఊదుతా. పెదవి మాట వినట్లేదు" అన్నారు. సరే అన్నాను. జలుబు చేసిన మనిషికి జేబురుమాలు ఇచ్చినట్టు ఇచ్చాను. ఆ రుమాలు ఇంతవరకూ తిరిగి రాలేదు.

ఎవరికీ తెలియకుండా ఎలా అంటావేమో. మేమిద్దరం పక్కపక్కనే కూర్చుంటాం. పై స్వరం వచ్చే చోట ఆయన ట్రంపెట్ పైకెత్తి, కళ్ళు మూసుకుని, మెడ నరాలు ఉబ్బేలా ఊదుతున్నట్టు కనిపిస్తారు. నేను నా గొట్టాన్ని మ్యూజిక్ స్టాండు వైపు దించి ఊదుతాను. చూసేవాళ్ళు ఆయన్నే చూస్తారు. బృందంలో మిగతా ముగ్గురికీ తెలుసు. ఎవరూ నోరెత్తరు. ఊరూరా బళ్ళకు కచేరీలకు వెళ్ళేటప్పుడు యూనివర్సిటీ వ్యానులో, ఓరిన్ ట్యూబా మా అందరి ఒళ్ళో ఉండగా, వాతావరణం గురించీ ఫుట్‌బాల్ గురించీ మాట్లాడుకుంటాం. కిటికీ తెరవబోతే థర్మన్ సార్ "వద్దమ్మాయ్, పెదవి ఎండిపోతుంది" అంటారు. ఎవరి పెదవి అని అడగాలనిపించేది.

ఇందులో నా బతుకు ఎలా ఇరుక్కుందో చెప్తాను విను. ఇక్కడ కొన్నేళ్ళు పని చేశాక ఉద్యోగం పర్మనెంటు చేస్తారు, లేకపోతే పెట్టె సర్దుకోమంటారు. మధ్య దారి లేదు. ఈ ఏడు నా వంతు. తేల్చే కమిటీకి పెద్ద ఎవరనుకున్నావు? థర్మన్ సారే. ఫిబ్రవరిలో మా డిపార్ట్‌మెంటు హెడ్ ప్రూయిట్ మేడమ్ నన్ను పిలిచి, తలుపు వెయ్యమంది.

"మీ బృందం టేపు బయటి ఆయనకు పంపాం కదా. ఆయనేమన్నాడో నీకు చెప్పకూడదు. అయినా చెప్తున్నా. మొదటి ట్రంపెట్ అద్భుతమట. ఆ వయసులో ఆ పై స్వరాలు మాటలు కాదట."

"మరి నేను?"

"రెండో ట్రంపెట్ తప్పుల్లేకుండా ఊదుతుంది, అంతకుమించి చెప్పడానికేం లేదు అన్నాడు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వసంత కచేరీకి కమిటీ అంతా ముందు వరసలో కూర్చుంటుంది లిడా. ఒక్కసారైనా కాస్త వినబడేట్టు ఊదవే!"

నా ఊపిరితోనే నన్ను ఓడించారు కదమ్మా!

నేరుగా థర్మన్ సార్ గదికి వెళ్ళాను. ఆయన ట్రంపెట్‌లో చేరిన నీళ్ళు నేల మీద వదులుతున్నారు. "సార్, వసంత కచేరీలో కుర్చీలు మార్చుకుందాం. నన్ను మొదటి కుర్చీలో కూర్చోనివ్వండి" అన్నాను.

"ఎందుకు మార్చారు అని అడుగుతారు. ఏం చెప్తావ్?"

"నిజం చెప్దాం."

"చెప్పు. టేపు బయటికి తీస్తారు. ఆ టేపు దరఖాస్తుతో పెట్టింది నువ్వే. కవరు మీద ఎవరి పేరు ఎక్కడుందో చూసుకునే పెట్టావు కదా? నేను నటించానంటారు, నటనకు నువ్వు తోడొచ్చావంటారు. నాకేం, ముసలాణ్ణి, ఇంటికి పోయి గులాబీలకు నీళ్ళు పోసుకుంటా. నువ్వెక్కడికి పోతావు?" అని, వెంటనే గొంతు తగ్గించారు. "వచ్చే ఏడు రిటైరవుతున్నా లిడా. కుర్చీ నీకే వస్తుంది. నన్ను తలెత్తుకుని పోనీ. నా ఓటు నీకే."

మనిషి చెడ్డవాడైతే ఎంత హాయిగా ఉండేదో! కిందటి చలికాలం నాకు జ్వరమొస్తే మంచులో నడిచి వచ్చి గుమ్మంలో సూపు గిన్నె పెట్టి వెళ్ళింది ఆయనే. భార్య పోయాక ఆయనకు ఆ కుర్చీ తప్ప ఏమీ లేదు. నీ పళ్ళు పోయినప్పుడు నువ్వు తాతయ్య డాన్సు బ్యాండులో ఆ శనివారం పూర్తిగా ఊది, ఇంటికొచ్చి, ట్రంపెట్ తుడిచి నా ఒళ్ళో పెట్టావు. "ఇక నువ్వు ఊదు, నేను రొట్టెలు చేస్తా" అన్నావు. అంత సులువుగా అందరూ ట్రంపెట్ పక్కన పెట్టెయ్యలేరని నాకు అప్పుడు తెలియదు.

కచేరీకి ముందు మెట్ల మీద ఓరిన్ నన్ను ఆపాడు. అంతకాలం మూసుకున్న నోరు మొదటిసారి తెరిచాడు. "తల్లీ, ఇవాళ ఆ పై స్వరం దగ్గర ఊరికే కూర్చో. అది రాకపోతే ఆకాశమేం కూలిపోదు. కూలితే నా ట్యూబా కింద దాక్కుందాం."

నేనప్పటికే ఆ నిర్ణయానికి వచ్చేశాను. చెప్పను, అరవను, ఎవరినీ బజారుకెక్కించను. ఊదను, అంతే. ముందు వరసలో కమిటీ కూర్చుని ఉంటుంది. ఆయన ట్రంపెట్ ఎత్తుతారు, ఏమీ రాదు, నా ట్రంపెట్ నా మోకాలి మీద ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ స్వరం ఎవరిదో అప్పుడు వాళ్ళకే అర్థమవుతుంది.

ఆఖరి పాట వచ్చింది. ఆ చోటు దగ్గర పడింది. నేను ట్రంపెట్‌ను మోకాలి మీదికి దించాను కూడా అమ్మా, ఒట్టు. థర్మన్ సార్ గొట్టం పైకెత్తి, పక్కకు చూసి, నా చేతులు కిందున్నాయని గమనించారు. అయినా కళ్ళు మూసుకున్నారు. ట్యూబా కింద నుంచి మెట్టు మెట్టుగా ఎక్కుతోంది, హార్న్ ఎక్కింది, ట్రాంబోన్ ఎక్కింది, పైన ఒక్క చోటు ఖాళీగా ఉండిపోబోతోంది. పాటలో ఆ ఖాళీ చూడలేకపోయాను. ఆయన మీద జాలితో కాదు. భయంతోనూ కాదు. ముక్కుతో గాలి పీల్చేశాను. పీల్చాక నాకు తెలిసింది పీల్చానని. ట్రంపెట్ పెదవి మీదికి ఎలా వచ్చిందో తెలియదు. ఆ స్వరం నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాలేదు.

జనం లేచి నిలబడ్డారు. థర్మన్ సార్ వంగి దండం పెట్టారు. ముందు వరసలోంచి ప్రూయిట్ మేడమ్ నన్ను చూసి, పాపం పిల్ల అన్నట్టు నవ్వింది. ఓరిన్ ట్యూబా వెనకాల తల దాచుకున్నాడు.

ఆ పక్క వారమే పర్మనెంటు చేశారు. సంతోషించు. అందరి ఓట్లూ పడ్డాయి. థర్మన్ సార్ రాసిన సిఫార్సు చూసి కమిటీ కరిగిపోయిందట. "పక్కనున్నవాణ్ణి ఇంతలా నిలబెట్టే రెండో ట్రంపెట్ ఎక్కడా దొరకదు" అని రాశారట. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఇప్పుడు నీకు కోపం తెప్పించే సంగతి. ఇందాకటి నుంచి దాన్ని పక్కకు నెడుతూ వచ్చాను. సంతకం పెట్టమని కాగితాలు ఇచ్చిన రోజు పొద్దున నా బల్ల మీద రెండు కవర్లున్నాయి. ఒకటి ఇక్కడిది, ఒకటి మన హెడ్మాస్టరుది. వచ్చే ఏడు మొదటి కుర్చీ నాదే కదా అని ఇక్కడిదానిలో సంతకం పెట్టి, హెడ్మాస్టరు గారికి రాలేనని రాసి, నా చేత్తో పోస్టులో వేశాను. నీతో ఒక్క మాట అనలేదు. అంటే రమ్మంటావని తెలుసు. రమ్మంటే వచ్చేస్తానని కూడా తెలుసు.

ఆ మర్నాడు నా కోసం కేకు కోశారు. థర్మన్ సార్ పళ్ళరసం గ్లాసు పట్టుకుని బల్ల ముందు నిలబడ్డారు. "లిడ ఇక మనల్ని వదిలి ఎక్కడికీ పోదు! ఇలాంటి పిల్ల పక్కనుంటే నేను మాత్రం ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను? అందుకే డీన్ గారిని కలిసి రిటైర్మెంటు వెనక్కి తీసుకున్నా. పళ్ళున్నంత కాలం ఊదుతా!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతిలో కేకు ప్లేటు ఉంది కాబట్టి కొట్టకుండా తప్పించుకున్నాను. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయమ్మా. నాకు సంతోషం కలిగించాననే అనుకుంటున్నారు.

ఇంటికొచ్చి మంచం మీద చలికోటుతోనే కూర్చున్నాను. జీతం ఉంది, ఇల్లుంది, ఇక నన్ను ఎవరూ తీసెయ్యలేరు. నాకు ఊపిరాడటం లేదు.

సరే, పట్టాల పండగ సంగతి. రా. ఓటా అన్నయ్యను తోడు తీసుకుని రైలెక్కు. అది వ్యాయామశాలలో జరుగుతుంది. నల్ల గౌన్లు వేసుకున్న పిల్లలు ఒక్కొక్కరే నడిచి వచ్చి కూర్చునేదాకా మేము అదే కవాతు పాట తిప్పి తిప్పి ఊదుతాం. ఆపమని సైగ చేసే హక్కు మొదటి ట్రంపెట్‌దే. థర్మన్ సార్ పెదవి సగంలోనే అలసిపోతుంది, ఆ తర్వాత పైదీ కిందిదీ నేనే సర్దుకుంటాను. ఆయన ఆపమని గొట్టం ఎత్తేదాకా నేను ఆపకూడదు.

నువ్వు ఎడమవైపు బెంచీల మీద కూర్చో, అక్కడి నుంచి నా బుగ్గలు కనిపిస్తాయి. నీ నోటి సంగతి నాకు తెలుసు. పాట నడుస్తుండగా లేచి నిలబడి "ఆ ఊదేది మా పిల్లరా!" అని అంత జనంలో అరిచేస్తావేమో. ఆ పని మాత్రం చెయ్యకు. నా ఉద్యోగం, ఆయన పరువు, అన్నీ అక్కడే ఉంటాయి.

ఒకవేళ అరిచావే అనుకో, నేను నిన్ను ఆపలేను. నేను ఊదుతూ ఉంటాను, నా నోరు ఖాళీగా ఉండదు. తొందరగా బయల్దేరి రా అమ్మా.

ఇట్లు,
ముక్కుతో గాలి పీల్చే నీ కూతురు
లిడ