మ్యూజియంలో మా ఆడపిల్ల

యూనివర్సిటీ మ్యూజియం అధికారి గారికి,

మొన్న మీ హాల్లో పసుపు బియ్యం పోసిన మనిషి నా భార్య భూమవ్వ. క్షమించాలి.

సుల్తానాబాద్ దగ్గర మా చేనులో బయటపడ్డ అమ్మవారి విగ్రహాన్ని పోయినేడు మీరే తీసుకెళ్లారు. ఆమెను చూడాలని వచ్చాం. వాచ్‌మన్ అడ్డుపడితే భూమవ్వ, "మా ఇంటి ఆడపిల్ల గామె. పుట్టింటోళ్లం అచ్చినం, ఒడిబియ్యం పొయ్యకుంట ఎట్ల పోతం?" అని అద్దాల పెట్టె ముందే కుమ్మరించింది. "పిల్ల మస్తు బక్కగైంది" అని బస్సులో ఇంటిదాకా ఏడ్చింది. రాయి బక్కచిక్కదని చెప్పినందుకు ఆ పూట నాకు అన్నం పెట్టలేదు.

అయ్యా, ఆడపిల్ల ఒడిలో ఒడిబియ్యం పోసినాక అత్తింటివాళ్లు ఆ బియ్యం వండి పుట్టింటివాళ్లను భోజనానికి పిలవడం మా దగ్గర ఆచారం. "అల్లుడు ఇంక పిలుస్తలేడేంది?" అని ఆమె రోజూ నన్ను పరేషాన్ చేస్తోంది. పిల్ల మీ ఇంట్లో ఉంది కాబట్టి ఆ అల్లుడు మీరేనట. నేనెంత చెప్పినా వినడం లేదు.

దయచేసి ఒక్క పూట పిలవండి. ఎంతమంది వస్తారని మాత్రం అడగొద్దు. అమ్మవారికి ఊరంతా పుట్టిల్లే.

ఇట్లు,
భూమవ్వ లెక్కలో మీ మామ